ఒక్క నొక్కుకు ఒప్పుకోని అప్పలనర్సమ్మ గారు

1988వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీ, బుధవారం, శ్రావణమాసపు పెళ్లిళ్ల రద్దీతో అనకాపల్లి విశాలాక్షి ముద్రణాలయంలో కాలు పెట్టడానికి చోటు లేని ఉదయాన, శ్రీమతి అప్పలనర్సమ్మ గారు అక్షరాలు కూర్చే కంపోజిటరుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. పదో తరగతి ఉత్తీర్ణురాలైన ఆ ఇరవై ఒక్క సంవత్సరాల యువతిని ఎగాదిగా చూసి, సంస్థ వ్యవస్థాపకులైన పెద్దాయన గారు "సీసం అక్షరాలు బరువమ్మా, మొయ్యగలవా?" అని అడిగారట. "మొయ్యడానికి రాలేదండి, సదవడానికొచ్చేను" అని ఆవిడ బదులిచ్చారట. ఆ జవాబులోని బిరుసుతనాన్ని పెద్దాయన గారు ఆనాడే క్షమించారు. దాని అర్థం మాత్రం మా సంస్థకు పూర్తిగా బోధపడడానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది.

ఆవిడ పదవీ విరమణ సందర్భంగా వెలువడే ఈ సంచికకు అభినందన వ్యాసం రాసే బాధ్యతను యాజమాన్యం వారు నాకు అప్పగించడం కాకతాళీయం కాదు. ముప్పై ఆరు సంవత్సరాల పది మాసాల సుదీర్ఘ సేవలో ఆవిడకు ఈ సంస్థలో జరిగిన అన్యాయం ఒక్కటే. దానికి కారకుడను నేనే. నా పేరు త్రినాథ్. మాది సబ్బవరం. శుభలేఖల యాప్ విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ అందరిలాగే నేనూ ఆవిడను నర్సమ్మ పిన్ని అని పిలుస్తాను గాని, సంచిక గౌరవార్థం ఈ వ్యాసంలో అప్పలనర్సమ్మ గారనే రాస్తున్నాను.

ఆ రోజుల్లో శుభలేఖ ప్రూఫును, అంటే అచ్చుకు ముందు చూపే నమూనాను, వినియోగదారులు నిలబడి ఒకసారి చూసి, "బాగుంది" అని సంతకం చేసి వెళ్లిపోయేవారు. 1991లో ఒక పెద్దమనిషి అదే విధంగా చూసి, మెచ్చుకుని, సంతకం చేసి వెళ్లిపోగా, ఐదు వందల శుభలేఖలలో వరుని పేరు ఉండవలసిన చోట వధువు తాతగారి పేరు అచ్చయింది. డెబ్బై ఎనిమిదేళ్ల ఆ తాతగారు ఒక ప్రతిని జేబులో దాచుకుని ఊరంతా చూపించుకున్నారని వినికిడి. ఆయన ధర్మపత్ని మాత్రం మా ముద్రణాలయం గుమ్మంలో నిలబడి, "మా ముసలోడికి మళ్ళీ పెళ్లేటి? నన్నొక్క మాటడిగేరా?" అని నిలదీశారు.

మరునాటి నుంచి అప్పలనర్సమ్మ గారు ఒక కొత్త పద్ధతి ప్రవేశపెట్టారు. ప్రూఫు చేతికిచ్చి, "సూత్తే సరిపోదండి. పైకి సదవండి. నేను వింటాను" అనేవారు. తొందరలో ఉన్న పెళ్లిపెద్దలు విసుక్కునేవారు. క్యూ వీధిలోకి పెరిగేది. పెద్దాయన గారు అద్దాల గదిలోంచి సైగలు చేసేవారు. ఆవిడ చలించేవారు కారు. పైకి చదివే సమయంలోనే ముహూర్తం పగలా రాత్రా అన్న సందేహాలు తీరేవి, వదిలేసిన పెద్దత్త గుర్తుకు వచ్చేది, కొన్ని సందర్భాల్లో మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ అక్కడికక్కడే దెబ్బలాడుకుని, అక్కడికక్కడే రాజీపడి, టీ తాగి వెళ్లేవారు. తర్వాతి ఆరేళ్లలో ఒక్క శుభలేఖ కూడా తిరిగి రాలేదు.

1997లో సంస్థకు కంప్యూటర్లు వచ్చాయి. సీసం అక్షరాలను వదులుకోలేక కొందరు సహోద్యోగులు కన్నీరు పెట్టుకున్నారు. అప్పలనర్సమ్మ గారు కన్నీరు పెట్టుకోలేదు గాని, కంప్యూటరు మీద పేజీలు కూర్చే డీటీపీని నాలుగు నెలల్లో నేర్చుకున్నారు. తక్కిన ఆపరేటర్లు పాత శుభలేఖ ఫైలు తెరిచి పేర్లు మార్చి అచ్చుకు పంపేవారు. అలా పంపగా ఒకసారి కొత్త పెళ్లికొడుకు వెనుక పాత పెళ్లికొడుకు డిగ్రీలు మిగిలిపోయి, ఐటీఐ చదివిన అబ్బాయి కళ్యాణ మండపంలో డాక్టరుగా చలామణి అయ్యాడు. ఆవిడ మాత్రం ప్రతి శుభలేఖనూ ఖాళీ పేజీతోనే మొదలుపెట్టేవారు. ఆలస్యమవుతోందని ఎవరైనా అంటే, "పెళ్లి కొత్తది కదా, కాయితం పాతదెందుకు?" అనేవారు.

2003లో పెద్దాయన గారి కుమారులు శ్రీ ధనరాజ్ గారు యాజమాన్య బాధ్యతలు చేపట్టారు. 2018లో శుభలేఖల యాప్ ప్రారంభించారు. ఆ సందర్భంలోనే నేను ఉద్యోగంలో చేరాను. యాప్‌లో ఏ తెర తర్వాత ఏ తెర రావాలో, ఏ మాట ఎక్కడ ఉండాలో నిర్ణయించే డిజైనరు ఎవరని అడిగితే, ధనరాజ్ గారు కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని పెన్సిలు చెక్కుకుంటున్న ఒక యాభై ఒక్క సంవత్సరాల మహిళను చూపించారు. నేను నవ్వాను. ఆ నవ్వుకు ఈ సంచిక ముఖంగా క్షమాపణ కోరుతున్నాను.

పాడైపోయిన శుభలేఖల వెనుక వైపు ఆవిడ పెన్సిలుతో తెరలు గీసేవారు. ఒక్కొక్క తెర గీసి, తన భర్త సత్తియ్య గారి చేతికిచ్చి, "ఏటి అర్థమైంది?" అని అడిగి, మర్నాడు ఫలితంతో వచ్చేవారు. సత్తియ్య గారు తుమ్మపాలలో చెరకు పండించే రైతు. ఆయనకు అర్థం కాని తెరను ఆవిడ చింపేసేవారు. మేము హైదరాబాదు నుంచి తెప్పించిన రంగురంగుల తెరలలో పదకొండింటిని సత్తియ్య గారు పొలం గట్టు మీద కూర్చుని తిరస్కరించారు.

ఇక నా ఘనకార్యం. 2023 చివర్లో, వేరే ఊళ్ల యాప్‌లు వేగంలో మమ్మల్ని మించిపోతున్నాయన్న బెంగతో, నేను ఒక బొత్తాం తయారు చేశాను. దాన్ని ఒక్కసారి నొక్కితే చాలు. ఫోనులో ఉన్న పేర్లన్నీ యాప్ తనంతట తానే తీసుకుని, ఒక్కొక్కరి పేరునూ శుభలేఖ మీద అందంగా రాసి, అందరికీ పంపేస్తుంది. ఎవరూ ఏమీ రాయనక్కరలేదు, ఆలోచించనక్కరలేదు, ఎక్కడా ఆగనక్కరలేదు. ధనరాజ్ గారు ముచ్చటపడ్డారు. ఆ బొత్తానికి తెర గీయమని అప్పలనర్సమ్మ గారిని కోరారు.

ఆవిడ నా ఫోను అందుకుని చూశారు.

"ఎవుల్ని పిలవాలో ఎవులు సెప్తారు బాబూ?"

"ఫోనే తీసుకుంటుంది పిన్నీ. మనం ఏమీ చెయ్యక్కర్లేదు."

"మనమేటీ సెయ్యకపోతే పిలిసింది ఎవులు మరి? ఫోనా?"

"ఇది జనానికి సుఖం పిన్నీ."

"పిలవడానికి కట్టపడాలి బాబూ. కొద్దిగైనా పడాలి. పేరు రాసినప్పుడు ఆ మనిషి కళ్ళ ముందుకొచ్చి నిలబడతాడు. ఈ తెర నేను గియ్యను."

ఈ కాలానికి ఆవిడ తూగలేకపోతున్నారని ఆ సాయంత్రం ధనరాజ్ గారితో అన్నది నేనే. మర్నాడు ఆవిడను కవర్ల గదికి మార్చారు. ముప్పై అయిదేళ్లు అక్షరాలతో గడిపిన మనిషి, తలుపు పక్కన బల్ల మీద కూర్చుని శుభలేఖల కవర్లు లెక్కపెట్టి కట్టలు కట్టారు. నేను ఆ గది ముందు నుంచి వెళ్లవలసి వచ్చినప్పుడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని వెళ్లేవాణ్ణి.

రెండు నెలలకు, 2024 మాఘమాసంలో, ధనరాజ్ గారి ఏకైక కుమార్తె ఇందు వివాహం నిశ్చయమైంది. మా కొత్త బొత్తాన్ని ఆ శుభకార్యంతోనే ప్రారంభించాలని యాజమాన్యం సంకల్పించింది. పెళ్లికి పదకొండు రోజుల ముందు, సిబ్బంది అందరి చప్పట్ల మధ్య, ధనరాజ్ గారు తమ ఫోనులో ఆ బొత్తాం నొక్కారు. రెండు వేల మూడు వందల పదహారు శుభలేఖలు పదకొండు సెకన్లలో వెళ్లిపోయాయి. నేను గడియారం చూసి గట్టిగా ప్రకటించాను.

అయితే, ధనరాజ్ గారు ఫోనులో ఎవరి పేరు ఎలా రాసుకున్నారో మాలో ఎవరమూ చూడలేదు. యాప్ మాత్రం చూసింది. ఉన్నది ఉన్నట్టుగా, ముందు మహారాజశ్రీ చేర్చి, వెనుక గారికి తగిలించి, బంగారు రంగులో అచ్చొత్తింది. ఆ విధంగా మహారాజశ్రీ గ్యాస్ సిలిండర్ గారు, మహారాజశ్రీ పంటి డాక్టరు పాతాయన గారు సకుటుంబ సపరివార సమేతంగా ఆహ్వానితులయ్యారు. తాము మాట్లాడదలచని వారి నంబర్లను ధనరాజ్ గారు ఎత్తొద్దు ఒకటి, ఎత్తొద్దు రెండు, ఎత్తొద్దు మూడు అని రాసుకున్నందున, మహారాజశ్రీ ఎత్తొద్దు గార్లు ముగ్గురికీ శుభలేఖలు అందాయి. ఆ ముగ్గురూ ఫోను చేశారు. ధనరాజ్ గారు అలవాటు ప్రకారం ఎత్తలేదు.

ఇంతవరకూ నవ్వుకోదగిన విషయమే. ధనరాజ్ గారి సతీమణి శ్రీమతి దుర్గాలక్ష్మి గారికి ఒక్కరే అన్నగారు. పేరు కన్నబాబు, గొలుగొండలో వ్యవసాయం. కాస్త ముక్కుసూటి మనిషి. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావలసిన మేనమామ ఆయన. ఆ సాయంత్రం దుర్గాలక్ష్మి గారు సంతోషంగా ఫోను చేసి, "అన్నయ్యా, కార్డు అందిందా?" అని అడిగారు.

"అందిందమ్మా. నాకు కాదు. 'మహారాజశ్రీ పేచీ బావ గొలుగొండ గారికి' అనుంది. ఆ పేచీ బావ రాడంట. కన్నబాబనే మనిషెవుడైనా కావలిత్తే వేరే కార్డు ఏసుకోండి" అని ఆయన ఫోను పెట్టేశారు. మళ్లీ ఎత్తలేదు. మూడు రోజులు ఎత్తలేదు.

ధనరాజ్ గారి ఇంట్లో పొయ్యి వెలిగింది గాని మాటలు ఆగిపోయాయి. "అన్నయ్య గంపెత్తకపోతే ఇందు మండపానికి రాదు, నేనూ రాను" అని దుర్గాలక్ష్మి గారు తేల్చి చెప్పారు. ఇందు మాత్రం శాంతంగా, "నాన్నా, మావయ్యని మీరేమంటారో నాకు చిన్నప్పట్నించీ తెలుసు. ఆయనకి ఇప్పుడు తెలిసింది, అంతే" అన్నదట.

నాలుగో రోజు ఉదయం ధనరాజ్ గారు కవర్ల గదిలోకి వెళ్లారు. వెనకాలే నేనూ వెళ్లాను. ఆవిడ కట్ట కడుతూనే ఉన్నారు.

"నర్సమ్మా, ఏటి సెయ్యాల ఇప్పుడు?" అన్నారు ధనరాజ్ గారు. నేను చేరినప్పటి నుంచి ఆఫీసులో ఆయన నోట ఆ యాస వినలేదు.

ఆవిడ దారం ముడి వేసి, ఒక తెల్లకాగితాల పుస్తకమూ పెన్నూ ఆయన ముందుకు జరిపారు. "మీరు పిలవాలనుకున్నోళ్ళ పేర్లు రాయండి బాబూ. ఫోను సూడకుండా."

ధనరాజ్ గారు కవర్ల మూట మీద కూర్చుని రాశారు. నూట నలభై పేర్ల దగ్గర చెయ్యి ఆగిపోయింది. "ఇంకా ఉన్నారు, గుర్తు రావటం లేదు" అన్నారు.

"అమ్మగారిని అడగండి. అడిగితే ఆవిడ మాటాడాల కదా" అన్నారు అప్పలనర్సమ్మ గారు.

ఆ మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ మూడు రోజుల తర్వాత ఎదురెదురుగా కూర్చుని పేర్లు పూర్తి చేశారు. మరునాడు ఉదయం దుర్గాలక్ష్మి గారు కుంకుమ భరిణ పట్టుకోగా, ధనరాజ్ గారు, అప్పలనర్సమ్మ గారు, కారు నడపడానికి నేను, గొలుగొండ బయలుదేరాము. అప్పలనర్సమ్మ గారి చేతిసంచిలో నాలుగు ఖాళీ శుభలేఖలు, ఒక నల్లసిరా పెన్ను ఉన్నాయి.

కన్నబాబు గారు అరుగు మీద వరి విత్తనాల బస్తా కుడుతున్నారు. చెల్లెల్ని చూసి లేచారు, బావగారిని చూసి కూర్చున్నారు.

"ఫోను రాసింది బావా అది" అన్నారు ధనరాజ్ గారు, ఇంకా చెప్పులైనా విప్పకుండా.

"ఫోను రాయలేదండి" అన్నారు అప్పలనర్సమ్మ గారు. "ఫోను సదివింది. రాసింది బాబు గారే."

కారులో వచ్చేటప్పుడు మేము అనుకున్న సంజాయిషీ అంతా ఆ ఒక్క మాటతో పోయింది. కన్నబాబు గారు ఆవిడ వైపు మొదటిసారి తిరిగి చూశారు. తర్వాత నన్ను చూపించి, "ఇతనెవుడు?" అన్నారు.

"మా సాఫ్ట్‌వేరు బావా."

"పేచీ అని బంగారం రంగులో ఏసిన మిసను ఇతనిదేనా?"

నాదేనని ఒప్పుకున్నాను. తప్పయిపోయిందని కూడా అన్నాను. ఆయన నాకు మంచినీళ్లు ఇప్పించారు. అది క్షమాపణ అంగీకరించడమో, దాహం గమనించడమో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పలనర్సమ్మ గారు ఖాళీ శుభలేఖ తీసి ధనరాజ్ గారి చేతికిచ్చారు. ఆయన అరుగు మీద కూర్చుని పెన్ను మూత తీశారు.

"ఇరవయ్యేడేళ్ళై బావా బావా అంటన్నావు" అన్నారు కన్నబాబు గారు. "నా పూర్తి పేరు రాయి సూద్దాం. దుర్గా, నువ్వు సెప్పకు."

ధనరాజ్ గారు పెన్నును కాగితానికి ఆనించి, మళ్లీ ఎత్తేశారు. దుర్గాలక్ష్మి గారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఏడుస్తున్నారేమోనని నేను భయపడ్డాను గాని, నవ్వుతున్నారు. చివరికి ధనరాజ్ గారు, "తెలీదు బావా" అన్నారు. ఆ మాట ఆయన చాలా నెమ్మదిగా, తల వంచుకుని అన్నారు. అంతటి మనిషి అలా అనడం నేను మళ్లీ చూడలేదు.

కన్నబాబు గారు కుట్టు ఆపారు. "రాయి, సెప్తాను" అన్నారు. వెంకట అప్పల సూర్యనారాయణ కన్నబాబు అని, ఒక్కొక్క పేరే చెప్పారు. మొదటి శుభలేఖలో ధనరాజ్ గారు అప్పల వదిలేశారు. "అప్పల మా తాత పేరు" అన్నారు కన్నబాబు గారు. రెండో దాని మీద సిరా కారింది. మూడోది సరిపోయింది. అప్పుడు అప్పలనర్సమ్మ గారు, కన్నబాబు గారి చేతికి దాన్ని ఇచ్చి, "పైకి సదవండి బాబు గారూ. నేను వింటాను" అన్నారు.

ఆయన చదివారు. ముహూర్తం దాకా బాగానే చదివారు. కింద ధనరాజ్ గారు రాసిన తన పేరు దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్క మాటే విడదీసి, రెండుసార్లు చదివారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఏ పేచీలు పెట్టేనో అయ్యి కూడా సెప్పుకుందాం కూకో" అన్నారు. ధనరాజ్ గారి పెళ్లిలో పెరుగు చాలకపోవడం దగ్గర మొదలుపెట్టి, ఇరవయ్యేడేళ్ల ఫిర్యాదులు వరుసగా చెప్పారు. ధనరాజ్ గారు ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. గంటన్నర తర్వాత, మేము అన్నం తింటూ ఉండగా, "గంప మా ఇంట్లోదే తెత్తాను. టెంటువోడి కాడ అద్దెకి తేకండి" అన్నారు కన్నబాబు గారు.

తిరుగు ప్రయాణంలో నేను ధైర్యం చేసి, ఆవిడ కవర్ల గదికి వెళ్లడానికి నా మాటే కారణమని చెప్పాను. "తెలుసు బాబూ" అన్నారు. నర్సీపట్నం దాటాక, "నువ్వు సెడ్డోడివి కాదు, తొందరోడివి. తొందర తగ్గుద్ది" అని కూడా అన్నారు. తగ్గిందో లేదో సహోద్యోగులు చెప్పాలి.

పెళ్లి వైభవంగా జరిగింది. మేనమామ గంప ఎత్తారు. ఫోను తప్ప ఎవరూ పిలవని వారిలో తొంభై ముగ్గురు వచ్చారు, అందరూ భోంచేశారు. ఎత్తొద్దు రెండు గారు స్వయంగా వడ్డనకు దిగి, చివరి బంతి దాకా పులిహోర వడ్డించారు. ఆయన పేరు ఏమిటో ఆ రోజు కనుక్కుని ధనరాజ్ గారు ఫోనులో సరిదిద్దుకున్నారు.

మరుసటి సోమవారం అప్పలనర్సమ్మ గారు తమ పాత కుర్చీలోకి తిరిగి వచ్చారు. నా బొత్తాన్ని నేనే తీసేశాను. దాని స్థానంలో ఆవిడ గీసిన తెర ఇప్పటికీ ఉంది. అందులో పిలవదలచిన వారి పేరును ఎవరికి వారే రాయాలి. వారు మీకేమవుతారో మీ మాటల్లోనే రాయాలి. అయిదు పేర్లకు ఒకసారి తెర ఆగి, వీరికి నోటితో చెప్పారా అని అడుగుతుంది. చెప్పాను, ఇప్పుడే చెబుతాను అని రెండే జవాబులు. దాటవేసే దారి లేదు. అబద్ధమాడితే ఎలా అని నేను అడిగాను. "ఆడనీ. ఆడుతున్నామని ఆళ్ళకి తెలుస్తాది కదా" అన్నారు.

ఈ తెర వల్ల వినియోగదారులు కొందరు మమ్మల్ని వదిలి వెళ్లారు. అది దాచవలసిన విషయం కాదు. ఉన్నవారు మాత్రం తిడుతూ ఉన్నారు. ఉప్మాక నుంచి ఒకరు మాకు ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి, "చాలా ఇబ్బంది పెట్టే యాప్. రెండు రోజులు పట్టింది. మా పెదనాన్న పూర్తి పేరు తెలియక ఫోన్ చేయాల్సి వచ్చింది. ఆరేళ్ల తర్వాత మాట్లాడాం. పెళ్లికి వచ్చారు" అని రాశారు. ధనరాజ్ గారు ఆ ఒక్క నక్షత్రాన్ని అచ్చు వేయించి, పటం కట్టించి, తమ గదిలో పెట్టుకున్నారు.

2025 జూన్ 30న అప్పలనర్సమ్మ గారు పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి వ్యాసాల చివర నిండు నూరేళ్లూ జీవించాలని కోరడం ఆనవాయితీ. ఆ వాక్యం రాసే ముందు ఆవిడ అనుమతి అడిగాను. "నూరని రాయకు బాబూ. ఇంకా నలభై రెండేళ్ళు ఈవిడతోటా అని మా ఆయన బెంగెట్టుకుంటాడు" అన్నారు. పక్కనే ఉన్న సత్తియ్య గారు కాదనలేదు.

అందుచేత అంకె వేయడం లేదు. అప్పలనర్సమ్మ గారి మోకాళ్ల నొప్పులు నెమ్మదించాలని, కంటిచూపు ఇలాగే చురుగ్గా ఉండాలని, సత్తియ్య గారితో కలిసి చెరకు తోట గట్ల మీద తమకు ఇష్టమైనంత నిదానంగా, తమకు ఇష్టమైనన్ని ఏళ్లు ఆరోగ్యంగా నడవాలని సిబ్బంది అందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను. మా శుభాకాంక్షలు ఫోనులో రావు. పండక్కీ పబ్బానికీ ఒక్కొక్కరమే తుమ్మపాల వచ్చి, గుమ్మంలో నిలబడి, నోటితోనే చెబుతాం. మీరు ఇంట్లో ఉండండి పిన్నీ, చాలు.